చన్నీళ్లలో సర్ఫింగ్‌కి మగవాళ్ల వెట్‌సూట్: చెన్నై తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై దగ్గరి కోవళం ఒడ్డున తెల్లారుజామునే బోర్డు చంకన పెట్టుకుని తెలుగులో మాట్లాడుకుంటూ నడిచేవాళ్లు ఇప్పుడు ప్రతి శనివారం కనిపిస్తున్నారు. ఎక్కువమంది ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) ఐటీ ఆఫీసుల వాళ్లే. వాళ్లలో ఎవరో ఒకరికి ఇంగ్లండో, ఐర్లండో, శాన్‌ఫ్రాన్సిస్కోనో ఆన్‌సైట్ పడుతుంది. టికెట్ చేతికి రాగానే నాకు మెసేజ్ వస్తుంది, "అన్నా, అక్కడ నీళ్లు ఐస్‌లా ఉంటాయట కదా, వెట్‌సూట్ ఏది కొనమంటావ్?" అని. వెట్‌సూట్ అంటే చన్నీళ్లలో ఒంటి వేడి నిలవడానికి వేసుకునే బిగుతు రబ్బరు సూట్. నేను ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న కార్న్‌వాల్‌లో రెండు చలికాలాలు సర్ఫింగ్ చేశాను. మొదటి సూట్ తప్పుగా కొని వణికాను, రెండోది సరిగ్గా కొని గంటన్నర నీళ్లలో హాయిగా ఉన్నాను. ఆ తేడా ఎందుకొచ్చిందో అడిగినవాళ్లందరికీ ఒకేసారి ఇక్కడ చెబుతున్నాను.

చెన్నైలో సర్ఫింగ్‌కి వెట్‌సూట్ కావాలా?

అక్కర్లేదు. మన దగ్గర సముద్రం ఏడాది పొడుగునా దాదాపు 26 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. ఎండకీ, బోర్డు మీది మైనం రాపిడికీ ఒక పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే పలచటి ఈత చొక్కా) వేసుకుంటే చాలు. డిసెంబర్, జనవరిలో తెల్లారుజామున గాలికి కాస్త చలిగా అనిపిస్తే పైన 1 ఎంఎం జాకెట్ ఒకటి వేసుకోవచ్చు. అంతకుమించి ఏది వేసుకున్నా ఒళ్లు ఉడికిపోతుంది.

వెట్‌సూట్ వేసుకుంటే లోపలికి నీళ్లు రావా?

వస్తాయి. పేరులోనే తడి ఉంది. లోపలికి వచ్చిన కొద్దిపాటి నీళ్లు చర్మానికీ సూట్‌కీ మధ్య పలచని పొరలా చిక్కుకుని ఒంటి వేడికి వెచ్చబడతాయి. అసలు పని మాత్రం నియోప్రీన్‌ది. అది నురగలా పొంగించిన రబ్బరు, దాని నిండా సన్నటి గ్యాస్ బుడగలు, ఒక బుడగకీ ఇంకోదానికీ దారి ఉండదు. గ్యాస్‌లోంచి వేడి తొందరగా బయటికి పోదు కాబట్టి ఒంటి వేడి ఒంట్లోనే నిలుస్తుంది. గాలితో పోలిస్తే నీళ్లు మన ఒంట్లోంచి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. చలిగాలిలో చొక్కాతో తట్టుకున్నవాడు అదే చలి ఉన్న నీళ్లలో తట్టుకోలేకపోవడానికి కారణం అదే.

ఈ వెట్‌సూట్‌ని 1952లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త డైవర్ల కోసం ఆలోచించాడు. డైవర్ పొడిగా ఉండాల్సిన పని లేదు, వేడి నిలిస్తే చాలు అన్నది ఆయన గ్రహించిన విషయం. దాదాపు అదే సమయంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాక్ ఓనీల్ సర్ఫర్ల కోసం సూట్లు చేయడం మొదలుపెట్టాడు. మనం ఈ రోజు వేసుకునే సూట్ కూడా ఆ ఆలోచన మీదే నడుస్తోంది.

3/2, 4/3, 5/4 అంటే ఏమిటి?

నియోప్రీన్ మందం, మిల్లీమీటర్లలో. మొదటి అంకె ఛాతీకి, వీపుకి. రెండోది చేతులకి, కాళ్లకి. 4/3 అంటే మొండెం దగ్గర 4 ఎంఎం, చేతులూ కాళ్ల దగ్గర 3 ఎంఎం. గుండె, ఊపిరితిత్తులు ఉన్నచోట వేడి ఎక్కువ కావాలి. చేతులతో తెడ్డు వేసినట్టు నీళ్లు తోస్తూ పోవాలి కాబట్టి భుజాల దగ్గర పలచగా ఉండాలి. కొన్నిటికి 5/4/3 అని మూడు అంకెలు ఉంటాయి, అక్కడ చివరిది చేతులది.

నేను వెళ్లే ఊరికి ఏ మందం సరిపోతుంది?

గాలి ఎంత చల్లగా ఉందో కాదు, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయో చూడండి. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా పొరపడతారు. ఏప్రిల్‌లో కార్న్‌వాల్‌లో ఎండ కాస్తుంది, జనం ఐస్‌క్రీమ్ తింటూ తిరుగుతుంటారు, అది చూసి పలచటి సూట్ చాలనుకుంటాం. సముద్రం నిదానంగా వేడెక్కి నిదానంగా చల్లారుతుంది. అక్కడ నీళ్లు బాగా చల్లబడేది ఫిబ్రవరి, మార్చిలలో, 9 లేదా 10 డిగ్రీలకి. ఏప్రిల్‌కి అవి పెద్దగా కోలుకోవు. ఆగస్టు, సెప్టెంబర్‌లో 16, 17 దాకా వస్తాయి. కాబట్టి అక్టోబర్ ఎండలేని రోజు కన్నా ఏప్రిల్ ఎండరోజే సముద్రంలో చల్లగా ఉంటుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోది వేరే కథ. ఓషన్ బీచ్‌లో ఏ నెలలో దిగినా 4/3 కావాల్సిందే. వసంతంలో వాయవ్యం నుంచి వీచే గాలుల వల్ల తీరం దగ్గరి పైనీరు సముద్రంలోకి జరిగిపోతుంది, ఆ ఖాళీలోకి అడుగున ఉన్న చన్నీళ్లు పైకి వస్తాయి. అందుకే ఏప్రిల్, మేలో అక్కడి నీళ్లు డిసెంబర్ కన్నా చల్లగా ఉండొచ్చు. కాలిఫోర్నియా అనగానే ఎండ గుర్తొచ్చి 3/2తో వెళ్లిన మనవాళ్లు ఇద్దరు నాకు తెలుసు, ఇద్దరూ వారం తిరక్కుండానే ఇంకో సూట్ కొన్నారు.

నేను పాటించే లెక్క ఇది. నీళ్లు 18 దాటితే 2 ఎంఎం లేదా పొట్టి చేతులు, పొట్టి కాళ్లు ఉన్న సూట్. 15 నుంచి 18కి 3/2. 11 నుంచి 14కి 4/3, దాంతోపాటు బూట్లు. 8 నుంచి 11కి 5/4, బూట్లు, గ్లవ్స్, తలకి హుడ్. అంతకన్నా తగ్గితే 6/5, అదీ హుడ్ కలిసే ఉన్నది. నార్వేలో లోఫోటెన్ దీవుల్లో ఉన్‌స్టాడ్ అనే చోట నడిచలికాలంలో కూడా సర్ఫింగ్ చేస్తారు, అక్కడ ఈ చివరిదే వాడతారు. ఇక మనం పుట్టి పెరిగింది ఎండల్లో. అక్కడివాళ్లు 3/2తో దిగే రోజున మీరు 4/3 వేసుకోండి, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు. గాలి బలంగా ఉన్న రోజున కూడా ఒక మెట్టు పైకి వెళ్లండి.

మందమే ముఖ్యమా, ఫిట్టింగా?

ఫిట్టింగే. నా మొదటి సూట్ 5/4, డబ్బు బాగానే పెట్టాను, కానీ చెన్నైలో కూర్చుని ఆన్‌లైన్‌లో కొన్నాను. కాస్త వదులుగా ఉంటే తేలిగ్గా కదలొచ్చని ఒక సైజు పెద్దది తీసుకున్నాను. మామూలు బట్టలకి పనికొచ్చే లెక్క ఇక్కడ పనికిరాదని నాకు ఎవరూ చెప్పలేదు.

మొదటిరోజు నడుం లోతు దాకా బాగానే ఉంది. అలల కిందికి బోర్డుతో మునిగి అవతలికి తేలాలి కదా, మొదటిసారి తల ముంచగానే మెడ వెనక నుంచి ఒక చల్లటి తాడు వెన్నుపూస వెంబడి జారినట్టు నీళ్లు దిగాయి. నడుం దగ్గర ఒంపులో చేరి అక్కడే ఆగాయి. అవి కాస్త వెచ్చబడేలోపు ఇంకో అల, మళ్లీ తల ముంచడం, మళ్లీ కొత్త చన్నీళ్లు. ఒళ్లు వేడి చేసిన నీళ్లన్నీ బయటికి, చన్నీళ్లన్నీ లోపలికి. ఇరవై నిమిషాలకి బయటికొచ్చేశాను. కారు తాళం తిప్పుదామంటే బొటనవేలూ చూపుడువేలూ కలవలేదు, రెండు అరచేతుల మధ్య తాళంచెవి ఇరికించి తిప్పాల్సి వచ్చింది. పక్కనే ఒకాయన పాత 4/3లో ఇంకా నీళ్లలోనే ఉన్నాడు. నాకన్నా ఒక మిల్లీమీటరు పలచటి సూట్ ఆయనది, కానీ ఒంటికి అతుక్కుని ఉంది.

అందుకే వేసుకున్నాక ఈ చోట్లు చూడండి. నడుం వెనక ఒంపులో పిడికిట సూట్ పట్టుకుంటే గుప్పెడు రాకూడదు. చంకల్లో, తొడల మధ్యలో ఖాళీ ఉండకూడదు. రెండు చేతులూ పైకెత్తితే తొడల మధ్య పైకి లాగినట్టు అనిపించకూడదు, అనిపిస్తే మీ మొండెం పొడుగు, టాల్ సైజు కావాలి. మెడపట్టీ ఒక వేలు కష్టంగా దూరేంత బిగుతుగా ఉండాలి. పూర్తిగా ఊపిరి తీసుకోగలగాలి, గొంతుక్కూర్చోగలగాలి. పొడిగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువ బిగుతుగానే అనిపిస్తుంది, నీళ్లలో సాగుతుంది, కంగారు పడకండి. మోకాళ్ల వెనక సన్నటి ముడతలు పడితే ఫర్వాలేదు.

నాకు కొంచెం పొట్ట ఉంది, కాళ్లు సన్నం. ఏ సైజు తీసుకోవాలి?

మనలో చాలామంది ఒడ్డూపొడుగు ఇదే, బయటిదేశాల సైజులకి అచ్చంగా సరిపోదు. ముందు ఎత్తు, ఛాతీ కొలత చూడండి, తర్వాత బరువు, నడుం చివర్న. నియోప్రీన్ పొట్ట మీద సాగుతుంది, కానీ ఎత్తు ఎక్కువైన సూట్‌ని ఒంటి మీద కుదించలేం. మగవాళ్ల సైజుల్లో ఎస్, ఎం, ఎల్ మాత్రమే కాదు, ఎంఎస్ అంటే మీడియం చుట్టుకొలతకి పొట్టి ఎత్తు, ఎంటీ అంటే మీడియంలో పొడుగు, ఎల్ఎస్ అంటే లార్జ్‌లో పొట్టి, ఇలా ఉంటాయి. అయిదున్నర అడుగుల ఎత్తుండి పొట్ట ఉన్నవాళ్లకి చాలాసార్లు ఈ ఎంఎస్, ఎల్ఎస్ బాగా కుదురుతాయి. ఒక కంపెనీ మీడియం ఇంకో కంపెనీ మీడియం ఒకటి కాదు, ప్రతిసారీ ఆ కంపెనీ పట్టికే చూసుకోవాలి. కొలతలు ఇంకొకరితో టేపుతో తీయించుకోండి. ప్యాంటు మీద రాసి ఉన్న నడుం అంకెని నమ్మకండి.

వెనక జిప్పా, ఛాతీ జిప్పా?

వెనక జిప్ వేసుకోవడం, విప్పడం తేలిక. పొడుగు తాడు ఉంటుంది, దాన్ని పట్టుకుని మీరే పైకి లాక్కోవచ్చు. కానీ వీపు మధ్యలో సాగని గీత ఒకటి ఉంటుంది, దాన్లోంచి నీళ్లూ వస్తాయి. ఛాతీ జిప్‌లో మెడ దగ్గరి కంతలోంచి కాళ్లు, నడుం, చేతులు దూర్చి, చివర్న తల దూర్చి, ఛాతీ మీద అడ్డంగా జిప్ పెట్టుకోవాలి. మొదట్లో విసుగొస్తుంది, నాలుగుసార్లకి అలవాటవుతుంది. వీపంతా సాగుతుంది, నీళ్లు తక్కువ వస్తాయి. 12 డిగ్రీల కన్నా చల్లటి నీళ్లకి నేను ఛాతీ జిప్పే తీసుకోమంటాను. భుజం నొప్పి ఉన్నవాళ్లు మాత్రం వెనక జిప్ తీసుకోండి, అలిసిపోయి వచ్చాక ఛాతీ జిప్ సూట్‌లోంచి భుజాలు బయటికి తీయడం వాళ్లకి నరకం.

కుట్లలో తేడా చూడాలా?

చూడాలి, అయిదు నిమిషాల పని. కుట్టు లోపలా బయటా చదునుగా రైలుపట్టాలా కనిపిస్తే అది ఫ్లాట్‌లాక్. సూది పూర్తిగా అవతలికి దిగింది కాబట్టి ప్రతి కన్నంలోంచీ నీళ్లు ఊరతాయి, 18 డిగ్రీలు దాటిన నీళ్లకి సరే. చన్నీళ్లకి అంచులు ముందు జిగురుతో అతికించి, తర్వాత సూది సగం మందం వరకే దింపి కుట్టినది కావాలి, దాన్ని బ్లైండ్‌స్టిచ్ అంటారు. 10 డిగ్రీల కన్నా తక్కువైతే ఆ కుట్టు మీద లోపల టేపు గానీ, రబ్బరు పూత గానీ ఉన్నది చూసుకోండి.

లోపల ఛాతీకీ వీపుకీ మెత్తటి నూగు బట్ట ఉన్న సూట్లు వెచ్చగా ఉంటాయి, తొందరగా ఆరతాయి. బయట ఛాతీ మీద నున్నటి రబ్బరు పలక ఉంటే గాలి తక్కువగా కొడుతుంది. నియోప్రీన్ బదులు చెట్టు రబ్బరుతో చేసినవి కూడా ఉన్నాయి, పటగోనియా 2016 నుంచి అటు మళ్లింది. పెట్రోలియం వాడకం తగ్గాలని కోరుకునేవాళ్లు అవి చూడొచ్చు.

ఫ్రెండ్ దగ్గర డైవింగ్ సూట్ ఉంది, అది వాడొచ్చా?

వద్దు. డైవింగ్ సూట్ లోతులో నెమ్మదిగా కదిలేవాళ్ల కోసం చేసింది, గట్టిగా ఉంటుంది, అరగంట చేతులతో నీళ్లు తోస్తే భుజాలు పడిపోతాయి. ట్రయథ్లాన్ సూట్ భుజాల దగ్గర బాగా సాగుతుంది, కానీ పైన పూత చాలా సున్నితం. బోర్డు మీద మోకాలు ఆన్చి రెండుసార్లు లేస్తే చిరుగుతుంది.

బూట్లు, గ్లవ్స్, హుడ్ నిజంగా అవసరమా?

నీళ్లు 14కి తగ్గితే బూట్లు, 11కి తగ్గితే గ్లవ్స్, హుడ్ కూడా అవసరం. పాదాలు మొద్దుబారితే బోర్డు మీద ఎక్కడ నిలబడ్డామో తెలియదు. 3 ఎంఎం బూట్లు మధ్యరకం చలికి, 5 ఎంఎం చలికాలానికి. బొటనవేలు విడిగా ఉన్నవి బోర్డు మీద పట్టు ఇస్తాయి, గుండ్రటివి ఇంకాస్త వెచ్చగా ఉంటాయి. కాలి వేళ్ల ముందు ఖాళీ ఉంటే అందులో నీళ్లు చేరి కాలు బరువెక్కుతుంది, అందుకే బూట్లు కూడా బిగుతుగానే కొనండి. సూట్ కాలు బూటు పైన ఉండాలి, లోపల కాదు.

హుడ్‌ని మాత్రం నిర్లక్ష్యం చేయకండి. ఏళ్ల తరబడి చన్నీళ్లూ చలిగాలీ చెవిలో కొడితే చెవి దారిలో ఎముక పెరిగి ఇరుకవుతుంది, దాన్ని సర్ఫర్స్ ఇయర్ అంటారు, ముదిరితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. హుడ్ వేసుకోని రోజున చెవికి ప్లగ్గులు పెట్టుకోండి.

సూట్ చెన్నైలోనే కొనుక్కుని వెళ్లాలా?

వద్దనే చెబుతాను. నేను చూసినంతలో ఇక్కడ దొరికేవి ఎక్కువగా డైవింగ్‌కో ఈతకో చేసినవి, మందపాటి సర్ఫింగ్ సూట్ వేసుకుని చూసి కొనే అవకాశం తక్కువ. బయటినుంచి తెప్పిస్తే సుంకం కట్టాలి, సైజు కుదరకపోతే తిరిగి పంపడం పెద్ద తలనొప్పి. అక్కడికి వెళ్లాక మొదటి రెండు మూడుసార్లు అద్దెకి తీసుకోండి, చాలా సర్ఫ్ స్కూళ్లు అద్దెకి ఇస్తాయి. ఆ రెండుసార్లలో మీకు చలి ఎక్కడ వేస్తుందో, ఏ సైజు కుదురుతుందో తెలిసిపోతుంది. తర్వాత షాపుకి వెళ్లి కనీసం మూడు రకాలు తొడిగి చూసి కొనండి. కార్న్‌వాల్ లాంటి చోట చలికాలం చివర్లో ధరలు తగ్గిస్తారు, తొందర లేనివాళ్లకి అప్పుడు మంచిది.

ఇక్కడే కొని తీరాలంటే ఏసీ గదిలో, రాత్రిపూట తొడిగి చూడండి. మే నెల మధ్యాహ్నం 5/4 తొడగడం ప్రమాదం, కళ్లు తిరుగుతాయి. సైజు ఖాయమై, సూట్ ఉంచుకోవాలని తేల్చుకున్నాక బాత్రూంలో చిన్న పరీక్ష చేయొచ్చు. వంగి నిలబడి, ఫ్రిజ్ నీళ్లు ఒక చెంబుతో మెడ వెనక పోయించుకోండి. ఒకటి రెండు చుక్కలు దిగితే సరే, వీపంతా జిల్లుమంటే మెడ వదులు.

లోపల ఏం వేసుకోవాలి?

ఈత డ్రాయరు చాలు. కాటన్ బనీను, జేబులున్న నిక్కరు వద్దు, ముడతలు పడిన చోటల్లా ఒరుసుకుంటుంది. ఒక మాట మన మగవాళ్లకి ప్రత్యేకంగా: మొలతాడు ముడి సూట్ కింద నొక్కుకుని గంటలో నడుం దగ్గర చర్మం ఎర్రబడుతుంది. తీయడం ఇష్టం లేకపోతే ముడిని పక్కకి, ఎముక లేని చోటికి జరుపుకోండి. మెడలో గొలుసు మాత్రం తీసి ఇంట్లో పెట్టండి. రెండు రోజుల గడ్డం మెడపట్టీకి గరుక్కాయితంలా రాసుకుంటుంది, అయితే నున్నగా గీసుకోండి, లేదా బాగా పెంచండి. ఒరుపుడుకి పెట్రోలియం జెల్లీ పూయకండి, రబ్బరుకి మంచిది కాదు, ఒంటికి పూసుకోవడానికి సర్ఫర్ల కోసం అమ్మే మైనం రకాలు ఉన్నాయి.

వేసుకునేటప్పుడు చిరిగిపోతుందేమోనని భయం. ఎలా?

గోళ్లతో లాగకండి, వేళ్ల మెత్తటి భాగంతో కొంచెం కొంచెం పైకి జరపండి. పాదానికి ప్లాస్టిక్ కవరు తొడిగి దూరిస్తే జారిపోతుంది, తర్వాత కవరు లాగేయండి. నడుం దాకా పూర్తిగా సర్దుకున్నాకే చేతులు పెట్టండి. కింద ఖాళీ వదిలేసి పైన లాగితే భుజాలు పట్టేస్తాయి.

చన్నీళ్లలో దిగగానే ఊపిరి ఆడదంటారు, నిజమేనా?

నిజం. చలి ఒక్కసారిగా తగిలితే తెలియకుండానే ఎగశ్వాస వస్తుంది, గుండె దడదడలాడుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది. ఆ నిమిషాల్లో తల నీళ్లలో ఉంటే మరీ ప్రమాదం. నడుం లోతులో ఆగి, ముఖం కడుక్కుని, మెడలోంచి కాస్త నీళ్లు లోపలికి వదిలి, ఊపిరి కుదుటపడ్డాక బోర్డు ఎక్కండి. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా దిగవద్దు. సూట్ మిమ్మల్ని కొంచెం తేలుస్తుంది, కానీ అది లైఫ్‌జాకెట్ కాదు.

వణుకు ఆగకపోయినా, మాట తడబడినా వెంటనే బయటికి రండి. బయటికొచ్చాక కూడా కాసేపు ఒంటి లోపలి వేడి తగ్గుతూనే ఉంటుంది. తడి సూట్ విప్పి, తుడుచుకుని, ఉన్ని టోపీ పెట్టుకుని, ఫ్లాస్కులో తెచ్చుకున్న వేడి టీ తాగండి. వణుకు తగ్గేదాకా కారు నడపకండి.

లోపలే మూత్రం పోసుకుంటారట కదా?

చాలామంది పోస్తారు. సూట్ పాడవదు, ఇంటికొచ్చాక బాగా కడగాలి అంతే. అద్దె సూట్‌లో మాత్రం చేయకండి.

చెన్నైకి తిరిగొచ్చాక ఎలా దాచాలి?

మన ఎండ, మన ఉక్క, రెండూ దానికి శత్రువులే. మంచినీళ్లతో కడగండి, బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో చివరి బకెట్ తాగేనీళ్లతో అయినా పోయండి. వేడినీళ్లు, వాషింగ్ మెషిన్, డ్రైయర్, ఇస్త్రీ ఏవీ వద్దు. తిరగేసి, నడుం దగ్గర మడిచి లావుపాటి కర్రకి వేయండి, భుజాలతో వేలాడదీస్తే అక్కడ సాగిపోతుంది. డాబా ఎండలో ఆరేయకండి, నీడలో ఫ్యాను కింద రెండు వైపులా పూర్తిగా ఆరాలి. కాస్త తడి ఉండగా బీరువాలో పెడితే ఈశాన్య రుతుపవనాల నెలల్లో బూజు ఖాయం. నేను మంచం కింద చదునుగా పరిచి, నెలకోసారి తీసి గాలికి పెడతాను.

చిన్న చిరుగు పడింది. పారేయాలా?

అవసరం లేదు. పూర్తిగా ఆరిన సూట్‌లో చిరుగు అంచులు విప్పి, రెండు వైపులా నియోప్రీన్ జిగురు పలచగా రాసి, కొన్ని నిమిషాలు చేతికి అంటనంత వరకు ఆరనిచ్చి, మళ్లీ ఇంకో పొర రాసి, అదీ ఆరాక అంచులు ఒకదానికొకటి నొక్కండి. ఒక రోజు అలా వదిలేయండి. గోరు గీతలన్నీ నేను ఇలాగే అతికించాను. కుట్టు మొత్తం విడిపోతే, లేదా నియోప్రీన్ బిరుసెక్కి సాగడం మానేస్తే ఇక ఆ సూట్ పని అయిపోయినట్టే, తరచూ వాడితే రెండు మూడు చలికాలాలకి ఆ స్థితి వస్తుంది. అప్పుడు కూడా మోకాలి ముక్కలు కోసి ఉంచుకోండి, తర్వాతి సూట్ లోపలి వైపు అతుకులకి పనికొస్తాయి.